ఐసు ఫ్యాక్టరీ మలుపు

చంద్రన్న మైకు పట్టుకుని అబద్ధం చెబుతుంటే నేను మూడో వరుసలో కూర్చుని విన్నాను. చంద్రన్న మా పెదనాయన కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. పోయిన నెల కడపలో ఒక మేడ మీద, పిల్లలు వీడియో గేములు ఆడుకునే హాలు తెరిచాడు. ఏసీ, నీలం లైట్లు, గోడంత టీవీలు, లోపలికి కూరుకుపోయే కుర్చీలు. రిబ్బను కత్తిరించాక బంధువులనూ స్నేహితులనూ కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాడు. "చిన్నప్పుడు మైదుకూర్లో మా ఇంట్లో కార్ల గేము ఉండేది. దాంట్లో మంచు ట్రాకు ఒకటి. ఆ ట్రాకులో నన్ను కొట్టేటోడు జిల్లాలో లేకపాయె. కర్నూల్లో పోటీ పెడితే పోయి ఫస్టు కొట్టుకోనొస్తి. ఆ పొద్దే అనుకుంటి, ఎప్పటికైనా ఇట్లాంటిది ఒకటి పెట్టాలని" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. సిగ్గులేని నా చేతులు కూడా రెండుసార్లు కొట్టుకున్నాయి. ఫస్టు కాదు, థర్డు. బహుమతిగా గోడ గడియారం ఇచ్చారు. అది మా పడసాలలో ఏళ్ల తరబడి పది నిమిషాలు వెనకబడి నడిచింది. పోనీ, సొంత హాలులో సొంత మైకుతో గొప్పలు చెప్పుకోనివాడు ఎవడున్నాడు? కానీ ఆ మంచు ట్రాకు అతనిది కాదు. అది నాది. ఆ మాట చెప్పడానికే ఇది రాయడం మొదలుపెట్టాను. మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

ఆ గేము మా ఇంటికి కువైట్ నుంచి వచ్చింది. మా ఎదురింటి మస్తాన్ మామ అక్కడ డ్రైవరుగా చేసేవాడు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేటప్పుడు అత్తరు సీసాలు, పూల దుప్పట్లు, ఖర్జూరం డబ్బాలు తెచ్చేవాడు. ఆయన పాస్‌పోర్టు కాగితాల కోసం పెదనాయన ఎవరితోనో మాట్లాడి పెట్టాడు. ఆ విశ్వాసంతో ఒకసారి ఈ మిషను పట్టుకొచ్చి మా రంగుల టీవీ కింద పెట్టి, "పిల్లోళ్లు ఎండలో తిరక్కుండా ఇంట్లో ఉంటారప్పా" అన్నాడు. చిన్న చిన్న కార్లు, ఒక్కో కారులో ఒక్కో వింత జంతువు. మూడు చుట్లు తిరిగితే పందెం ముగుస్తుంది. దారిలో రంగు పెట్టెలు తేలుతుంటాయి. వాటిని గుద్దితే పక్కవాడి మీద విసరడానికి ఏదో ఒకటి చేతికొస్తుంది. ఆ తర్వాతి సెలవుకు మామ అదే ఆట రెండో భాగం తెచ్చాడు. అందులో కొత్త దారులు. మా చిన్నతనంలో సగం ఆ రెండు క్యాసెట్లలోనే గడిచిపోయింది. ఇప్పుడు ఆ ఆటకు ఎన్నో భాగం నడుస్తోందో నాకు తెలియదు, చంద్రన్న హాలులో ఉన్నది మాత్రం దాని మనవడో మునిమనవడో అయి ఉండాలి.

దారులకు ఇంగ్లీషు పేర్లు ఉండేవి. చదవగలిగేవాళ్లమే గాని నోరు తిరిగేది కాదు. అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. ఎర్రటి గుట్టలు, ముళ్లచెట్లు, మధ్యలో పట్టాలు దాటే రైలు ఉన్న దారికి వేంపల్లె దారి అని పేరు. మా అమ్మ పుట్టినూరికి పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి కనిపించేది అదే మరి, ఒక్క రైలు తప్ప. చంద్రన్నకు ఆ దారి ప్రాణం. రైలు వచ్చే లోపల పట్టాలు దాటి తొడ చరుచుకునేవాడు. ఆవులు దారికడ్డంగా తిరిగే గడ్డివాముల దారికి నందికొట్కూరు సంత అని పెట్టాం. పెద్దమ్మది ఆ ఊరు, ఆమెకు ఆ పేరు నచ్చక చాలాసార్లు మూతి ముడుచుకుంది. రెండో భాగంలో ఒక దారి ఆకాశంలో ఉండేది. అంచుకు గోడ లేదు, కమ్మి లేదు, కాస్త పక్కకు జరిగితే కిందికి పోవడమే. మా జేజి, అంటే నాయన తల్లి, నశ్యం డబ్బా చేతిలో పట్టుకుని అది చూస్తూ "గోడల్లేకుండా ఎవరు కట్టినార్రా దీన్ని, బిడ్డలు పడి సస్తారు" అని తిట్టేది. జేజికి ఆటలో ఉన్న కప్ప అంటే ఇష్టం. ఎవరు ఆడినా "మన కప్ప యాడుండాది?" అని అడిగేది. కప్ప వెనకబడితే ఆమెకు అన్నం సయించేది కాదు.

మంచు దారి మొదటి భాగంలోనే ఉండేది. మంచు మేము ఎక్కడ చూశాం? మాకు తెలిసిన చల్లదనమల్లా బస్టాండు దారిలో ఉన్న ఐసు ఫ్యాక్టరీ. అక్కడ ఊకలో కప్పిన పలకలు లారీల్లోకి ఎక్కిస్తుంటే వాకిట్లో నీళ్లు పారేవి, ఎండాకాలం మేము ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడేవాళ్లం. అందుకే ఆ దారికి ఐసు ఫ్యాక్టరీ అని పేరు పడింది. తెల్లటి దారి, ఒక గుహ, గుహ దాటగానే గడ్డకట్టిన చెరువు, చెరువు మీద పెద్ద మలుపు. అందరూ ఆ మలుపు దగ్గర బ్రేకు నొక్కి గిరగిరా తిరిగి గోడకు కొట్టుకునేవాళ్లు. నేను కనిపెట్టింది ఏమిటంటే, అక్కడ బ్రేకు పట్టకూడదు. వేగం పెంచే బటను వదిలేసి, ఒక్క ఊపిరి ఆగి, ముందు వద్దనుకున్న వైపు కొంచెం వంచి, తర్వాత కావలసిన వైపు తిప్పాలి. బండి దానంతటదే మలుపు తీసుకుంటుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఎన్ని వందల సార్లు గోడకు కొట్టుకుంటే తెలిసిందో నాకే తెలుసు. ఈ రోజుకీ కళ్లు మూసుకుంటే ఆ దారి మొత్తం కనబడుతుంది, మూడు చుట్లూ.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. నాకు ఏడేళ్లప్పుడు మా నాయన జబ్బు చేసి పోయాడు. అప్పటినుంచి అమ్మా నేనూ పెదనాయన పంచనే ఉన్నాం. పెదనాయన చెడ్డవాడు కాదు, ఎవరికీ అన్నం లేదనలేదు. కానీ ఆ ఇంట్లో బీరువా తాళాలు పెద్దమ్మ నడుముకు ఉండేవి, పొయ్యి మాత్రం అమ్మది. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, పసుపు ఉడికే రోజుల్లో అయితే కూలీలకు కూడా సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి, అందరూ తిన్నాక మిగిలింది తినేది. పసుపు ఉడకబెట్టే వాసన, మట్టి వాసన, సంగటి అడుగంటిన వాసన, ఈ మూడూ కలిస్తే మా అమ్మ చీర. పెద్దమ్మ ఎప్పుడూ గట్టిగా ఒక మాట అనేది కాదు. నవ్వుతూనే అమ్మను చూపించి "మన శైలాకు ఏం తక్కువ చేసినాం" అని వచ్చినవాళ్ల ముందు అనేది. ఆ మాట విన్న రోజు అమ్మ ఇంకో రెండు బిందెలు నీళ్లు ఎక్కువ మోసేది. అప్పుడు నాకు అది అర్థం కాలేదు. పిల్లలకు అర్థమైతే ఇంకేం.

పెద్దమనిషినయ్యాక నా ఆటకు మొదటి దెబ్బ తగిలింది. నెలకు మూడు రోజులు బయట ఉండాలి. బయట అంటే వీధి కాదు, ముందరి పంచలో కిటికీ కింద ఒక చాప, ఒక కంచం, ఒక చెంబు. పడసాలలోకి రాకూడదు, ఎవర్నీ తాకకూడదు. కిటికీలోంచి చూస్తే టీవీ ఏటవాలుగా కనిపించేది. మొదటిసారే నేను తెలివి ఉపయోగించి, రిమోటు తీగె పొడవుగా ఉంది కదా, కిటికీలోంచి ఇస్తే ఇక్కడే కూర్చుని ఆడుకుంటానన్నాను. రిమోటంటే ఆట ఆడే బటన్ల పెట్టె, మేమంతా అట్లాగే పిలిచేవాళ్లం. జేజి ముక్కులోకి నశ్యం ఎక్కించి, నా వైపు తిరిగింది.

"ఆ తీగె యాడికి పోతాది?" అని అడిగింది.

"మిషన్లోకి."

"మిషన్లోనించి?"

"టీవీలోకి."

"టీవీలోనించి?"

"గోడలోకి జేజీ. కరెంటు."

"ఆ కరెంటే కదమ్మే దేవునింట్లో బల్బుకు పోతాండేది! కరెంటు పారంగా లేంది మైల పారదా?"

చంద్రన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. పెదనాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ప్లాస్టిక్కులో మైల పారదు జేజీ అని వాదించాను గాని, నాకు మాత్రం ఏం తెలుసు, పారుతుందేమో. ఆ మూడు రోజులు కిటికీ కమ్ములు పట్టుకుని చంద్రన్న ఆడే ఆట చూస్తూ కూర్చున్నాను. అతను చెరువు మలుపు దగ్గర మూడుసార్లు గోడకు గుద్దాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "అన్నా, ఇడువు. బటను ఇడువు. ఆగు... ఎడం కొంచెం... ఇప్పుడు తిప్పు!" అని అరిచాను. తిప్పాడు. బండి చెరువు మీద జారి దారిలో పడింది. చంద్రన్న వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు నాకు ఇంకా గుర్తే. "నువ్వు ఆన్నే కూర్చో మే. చెప్తాండు" అన్నాడు.

అట్లా మొదలైంది. నేను కిటికీ దగ్గరనుంచి చెప్పడం, అతను ఆడడం. కొన్నాళ్లకు మూడు రోజులు గడిచి తలకు పోసుకుని లోపలికొచ్చినా రిమోటు నా చేతికి రావడం మానేసింది. "నువ్వు చెప్తేనే బాగుంటాది మే. ఆడేది ఎవురైతే ఏముండాది?" అనేవాడు. నిజమే అనుకున్నాను, వెర్రిమొహాన్ని! ఎదురింటి పిల్లలు ఆటకొస్తే నేను గోడకానుకుని చెప్పేదాన్ని, గెలుపు అతను తీసుకునేవాడు. అయితే మధ్యాహ్నం అతను ట్యూషనుకు పోయేవాడు. పెద్దమ్మ, జేజి కునుకు తీసేవాళ్లు. ఆ గంటన్నర నాది. శబ్దం పూర్తిగా తగ్గించి, కడప బండల మీద బోర్లా పడుకుని, ఒక్కదాన్నే ఐసు ఫ్యాక్టరీ ఆడేదాన్ని. ఎండకు వీధి అంతా పడుకునేది, బండలు పొట్టకు చల్లగా తగిలేవి. అమ్మ వంటింట్లో సామాన్లు కడుగుతూ ఉండేది. ఆమె నన్ను ఎప్పుడూ చూడలేదనే అనుకున్నాను.

కర్నూల్లో కొత్తగా తెరిచిన వీడియో గేముల పార్లరువాళ్లు పోటీ పెడుతున్నారని పెదనాయనే కబురు తెచ్చాడు. అదే ఆట, దారి మాత్రం ఒక్కటే, మంచుది. నేను ఎగిరి గంతేశాను. పెదనాయన ఆ రోజు ఏ ధ్యాసలో ఉన్నాడో, "పిల్ల కూడా ఆడతాదిలే" అని ఇద్దరి పేర్లూ రాయించాడు. జీవితంలో నా పేరు నేను అడక్కుండా ఒక చోట రాయించిన మగమనిషి ఆయనొక్కడే. ఆ వారం చంద్రన్నతో మొదటిసారి నిజంగా పోటీ పడ్డాను. రెండు రిమోట్లు, తెర మధ్యలో గీత, పైన అతను, కింద నేను. పది ఆటల్లో తొమ్మిది నేనే గెలిచాను. పదోది జేజి తన కప్పను ఆడమని పోరు పెట్టడం వల్ల పోయింది. పెద్దమ్మ రెండో రోజు నుంచి టీవీ దగ్గరికి రావడం మానేసింది. చంద్రన్న నాతో మాట్లాడడం తగ్గించాడు. నేను వాటిని గమనించే స్థితిలో లేను. నా ధ్యాసంతా కర్నూలు మీదే. అంతమంది ముందు నా పేరు పిలుస్తారు, నేను పోయి కూర్చుంటాను, రిమోటు నా చేతిలో ఉంటుంది. నాకు కావలసింది అంతే. బహుమతి ఏమిటని కూడా అడగలేదు.

పోటీ రోజు ఉదయం తలస్నానం చేసి, జడలు వేసుకుని, పూల పంజాబీ డ్రెస్సు తొడుక్కుని పంచలోకి వచ్చాను. జీపు వాకిట్లో ఉంది. దోవలో మహానందిలో దిగి టెంకాయ కొట్టి పోవాలని పెదనాయన ముందే చెప్పాడు. మెట్టు దిగబోతుంటే జేజి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు యాడికి? బయట కూర్చోవాల్సిన దానివి."

"లేదు జేజీ! నాకు ఇంకా పదిరోజులుండాది."

"ఎవురు చెప్పాల్నో వాళ్లు చెప్పినారులే. దాచిపెట్టుకోని గుడికి పోవాలనుకుంటివా? ఎంత ధైర్యమే నీకు!"

నేను అమ్మ వైపు చూశాను. నా బట్టలు ఉతికి ఆరేసేది అమ్మ. నా రోజులు నాకన్నా ఆమెకే బాగా తెలుసు. ఒక్క మాట చాలు. అమ్మ గడపలో నిలబడి, తల వంచుకుని, కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. చంద్రన్న జీపు దగ్గర నిలబడి కాళ్లవైపు చూసుకుంటున్నాడు. ఎవరు చెప్పి ఉంటారో అప్పుడే నాకు తెలిసిపోయిందనుకున్నాను. పెదనాయన మొహం ఎర్రబడింది, ఇట్లాంటి మాటలు మగవాళ్ల ముందు వచ్చాయని. పోయి జీపెక్కాడు. నేను అరిచాను, ఏడ్చాను, దేవుడి మీద ఒట్టు పెట్టాను. ఒట్టు పెట్టినందుకు జేజి ఇంకో రెండు తిట్లు తిట్టింది. అట్లా అన్నవాళ్లకు లేదని చూపించే దారి ఏ ఆడపిల్లకూ లేదు. జీపు పోయింది. నేను మూడు రోజులు, ఏ కారణం లేకుండా, ఆ చాప మీద కూర్చున్నాను.

చంద్రన్న సాయంత్రానికి గడియారంతో వచ్చాడు. చెరువు మలుపు దగ్గర రెండుసార్లు గుద్దాడట, లేకుంటే ఫస్టే అట. నేను అతని మొహం చూడలేదు. ఆ రోజుతో అతనితో మాట మానేశాను. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పొయ్యి మీద వండింది తింటూ, "అన్నం తినమని చెప్పు" అని గోడలకు చెబుతూ గడిపాను. అతని పెళ్లికి పోయి అక్షింతలు వేసి, భోజనం చెయ్యకుండా వచ్చాను. ఆట సంగతి సరే, ఆ మాట నా వెంట పడింది. దాచిపెట్టిన పిల్ల. ఎవరింట్లో వ్రతమైనా, పేరంటమైనా, గడప దగ్గర ఎవరో ఒక పెద్దామె నన్ను ఆపి, గొంతు తగ్గించి, "నిజం చెప్పు తల్లీ, బాగుండావు కదా?" అని అడిగేది. పెళ్లిచూపుల్లో కూడా ఒకామె అడిగింది. అడిగిన ప్రతిసారీ నాకు చంద్రన్న గుర్తొచ్చేవాడు. బడిలో తెలుగు చెప్పే ఉద్యోగం రాగానే అమ్మను తీసుకుని కడపకు వచ్చేశాను. రిమోటు మళ్లీ ముట్టుకోలేదు. ఇరవయ్యేళ్ల పైమాటే.

మరి ఈ హాలు తెరవడానికి ఎందుకు పోయానంటే, అమ్మ పోరు. "వాడు నీ ఒక్కగానొక్క అన్న. ఇంకెన్నాళ్లు?" అని నెల రోజులుగా నన్ను గిచ్చుతూనే ఉంది. పోయాను. ఉపన్యాసం అయ్యాక పిల్లలంతా టీవీల మీద పడ్డారు. చంద్రన్న కూతురు హర్షితకు పన్నెండేళ్లు. నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయి కుర్చీలో కూర్చోబెట్టింది. "అత్తా, నాయన చెప్పిన ట్రాకు ఇదే. పాతదాన్నే కొత్తగా చేసినారు" అంది. నా చేతిలో పెట్టిన రిమోటుకు తీగె లేదు. జేజి ఉంటే దీనికేమనేదో. తెర మీద మంచు మెరుస్తోంది, గుహలో దీపాలు, చెరువు కింద చేపలు కూడా కదులుతున్నాయి. గుహ దాటాను. చెరువు వచ్చింది. నోరు దానంతటదే "ఇడువు... ఆగు" అంది. వేలు వినలేదు. ఏ బటను ఎక్కడుందో వేలికి తెలియదు. సరే పడిపోతానులే అనుకుంటే, బండి పడలేదు. మలుపు దగ్గర దానంతటదే లోపలికి తిరిగింది. చిన్నపిల్లల కోసమట, బండి దారి తప్పకుండా మిషనే పట్టుకుంటుందట. ఆకాశం దారిలో కూడా ఎవరూ పడరట. మా కాలంలో పడేవాళ్లం, పడి పడి నేర్చుకునేవాళ్లం అని గొప్ప చెప్పబోయి ఆగిపోయాను. పడనివ్వని మిషనులో ఏమీ నేర్చుకోకపోయినా ఆడపిల్ల చేతిలో రిమోటైతే ఉంది. నేను ఎనిమిదిమందిలో ఎనిమిదోదాన్నయ్యాను.

తర్వాత హర్షిత వాళ్ల నాయనతో ఆడింది. అదే దారి. ఆ పిల్ల మిషను సాయం తీసేసి ఆడింది. చెరువు మీద తండ్రి గోడకు కొట్టుకుంటే అది జారుకుంటూ పోయింది. మూడు చుట్లకు అర చుట్టు తేడాతో గెలిచింది. చంద్రన్న లేచి నిలబడి, "సూస్తిరా నా బిడ్డను!" అని హాలు దద్దరిల్లేలా అరిచి, దాన్ని గాల్లోకి ఎత్తాడు. ఒక మగవాడు ఆడపిల్ల చేతిలో ఓడిపోయి ఇంత సంతోషపడగలడన్న మాట. నన్ను మాత్రం చాప మీద కూర్చోబెట్టాడు. జనం పలచబడ్డాక మెట్ల దగ్గర అతన్ని ఆపాను. "అన్నా, జేజికి ఆ అబద్ధం ఎందుకు చెప్పినావు?" అని అడిగాను. ఎన్నో ఏళ్ల తర్వాత నేను అతన్ని అన్నా అనడం అదే మొదటిసారి.

చంద్రన్నకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని మొహం తెల్లబోయింది.

"నేనా? ఇన్నాళ్లూ నేననుకుంటివా?"

"ఇంకెవురు?"

"మే, నేను అప్పుడు కుండ దగ్గర నీళ్లు తాగతాంటి. జేజితో చెప్పింది చిన్నమ్మ. మీ అమ్మ. నా చెవులారా వింటి. అది అబద్ధమని కూడా నాకు తెల్దు, తల్లి చెప్తే అబద్ధమనుకుంటామా?" గొంతు తగ్గించాడు. "నువ్వు రాకుంటేనే మంచిదిలే అని మాత్రం అనుకుంటి. అది నిజం. దానికి నన్నేమన్నా అను."

"ఇన్నేండ్లు చెప్పలేదే?"

"నువ్వు మాట్లాడితే కదా చెప్పేది? అయినా, చిన్నమ్మ పేరు నేను యాడ చెప్పేది మే?"

ఆటో ఎక్కి ఇంటికి ఎట్లా వచ్చానో తెలియదు. మధ్యాహ్నం మూడు దాటింది. అమ్మ హాల్లో కాళ్లు చాపుకుని చింతపండు గింజలు తీస్తోంది. నేను చెప్పులు కూడా విడవకుండా నిలబడి, "ఆ పొద్దు జేజికి చెప్పింది నువ్వా?" అని అడిగాను. ఏ పొద్దని ఆమె అడగలేదు.

"చంద్ర చెప్పినాడా?" అంది.

"నువ్వా కాదా?"

"నేనే."

"ఎందుకు?"

అమ్మ చేతిలోని పండు పక్కన పెట్టింది. "నువ్వు గెలుస్తావని" అంది. "మధ్యాన్నం పూట నువ్వు ఆడతాంటే వంటింట్లోనించి సూస్తాంటి. ఆ తెల్లది, జారేది. వాడు గుద్దుకునే చోట నువ్వు ఒక్క తూరి కూడా గుద్దుకోకపోతివి. పంతానికి నిన్ను మించినోళ్లు లేరు. కర్నూల్లో అంతమందిలో వాళ్ల కొడుకును కొట్టి వస్తే, ఆ పొద్దు మీ పెద్దమ్మ నవ్వుతాది. మర్సనాడు? ఆ ఇంట్లో పొయ్యి కూడా మనది కాదు. నీకు ఇంకా శానా సదువుండాది. ఆన్నే ఉండాల, ఆన్నే తినాల."

"నాతో ఒక మాట చెప్తే నేనే పోకుండా ఉందును కదా!"

"ఉంటివా?" అంది.

ఉండేదాన్ని కాదు. అది ఆమెకూ తెలుసు. నాకు కోపం ఎంత వచ్చిందంటే, ఆమె లెక్కలో తప్పు వెతికాను, దొరకలేదు. దొరకకపోయేసరికి కోపం ఇంకా పెరిగింది. ఇన్నేళ్లు ఊరందరి ముందు నన్ను అబద్ధాలకోరును చేసి, ఆ నింద నేను చంద్రన్న మీద వేస్తుంటే వింటూ, నాకు అన్నం వడ్డించింది ఈమె. నేను గెలుస్తానని ఆ ఇంట్లో నమ్మిన మనిషి ఒక్కతే, ఆ నమ్మినదే నన్ను ఆపింది. నేను ఆమె ముందు కూలబడి, పెద్దగా, చిన్నపిల్లలా ఏడ్చాను. ఆమె దగ్గరికి రాలేదు, నన్ను తాకలేదు, క్షమించమనలేదు. నా ఏడుపు ఆగేదాకా చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడైతే పంపిస్తావా అమ్మా?" అని అడిగాను. అవునని ఒక్క మాట అంటే చాలనుకున్నాను, అబద్ధమైనా సరే.

అమ్మ చాలాసేపు ఆలోచించింది. "ఆ ఇంట్లోనే ఉంటే, ఇప్పుడూ పంపను" అంది.